రియాద్ నుంచి చూస్తే: అరబ్-ఇజ్రాయెల్ సంబంధాలను చదివే సౌదీ పండితుల బాట

ఇజ్రాయెల్‌ను సౌదీ అరేబియా ఎప్పుడు గుర్తిస్తుంది? పశ్చిమాసియా మీద రాసేవాళ్లకు పాతికేళ్లుగా మాటిమాటికీ ఎదురవుతున్న ప్రశ్న ఇది. జవాబు చెప్పినవాళ్లలో ఎక్కువమంది వాషింగ్టన్‌లోనో లండన్‌లోనో టెల్ అవీవ్‌లోనో ఉండి చెప్పారు. సౌదీ గడ్డ మీద పుట్టి, ఇజ్రాయెల్‌తో తమ దేశానికున్న సంబంధాన్నే ప్రధాన అధ్యయనంగా ఎంచుకున్నవాళ్లు చాలా తక్కువ. ఆ కొద్దిమంది ఏ దారిన వచ్చారు, ఏ ఆధారాలతో పనిచేశారు, ఏం తేల్చారు, ఎక్కడ ఆగిపోయారు అన్నదే ఈ సమీక్ష. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ పండితులు చేసిన అసలు మేలు జోస్యం చెప్పడం కాదు, ప్రశ్నను సరిదిద్దడం. ‘ఎప్పుడు’ అని అడిగేచోట ‘ఏ షరతు మీద, ఎవరి సమ్మతితో’ అని అడగడం వాళ్లు నేర్పారు. 2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలయ్యాక జరిగినదంతా ఆ రెండో ప్రశ్నే సరైనదని చూపించింది.

మన ఊళ్లదాకా వచ్చిన యుద్ధం

తెలుగువాళ్లకు ఇది దూరపు గొడవ కాదు. 1973 అక్టోబరులో ఈజిప్టు, సిరియా సైన్యాలు ఇజ్రాయెల్‌తో తలపడ్డాయి. అమెరికా ఇజ్రాయెల్‌కు ఆయుధాలు పంపింది. దానికి ప్రతిగా సౌదీ రాజు ఫైసల్ ఇతర అరబ్ దేశాలతో కలిసి అమెరికాకు చమురు ఆపేశారు. అక్టోబరు మొదట్లో పీపాకు 3 డాలర్లున్న సౌదీ చమురు ప్రకటిత ధర 1974 జనవరికల్లా 11.65 డాలర్లకు చేరింది. ఆ డబ్బుతో రియాద్, జెద్దా, దమ్మామ్‌లలో రోడ్లు, రేవులు, ఆస్పత్రులు, నగరాలు లేచాయి. వాటిని కట్టడానికి మనుషులు కావలసి వచ్చారు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి, హైదరాబాద్ పాతబస్తీ నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి లక్షలాదిమంది గల్ఫ్ బాట పట్టడానికి వెనక ఒక అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం ఉంది. అక్కడినుంచి వచ్చిన డబ్బుతో ఇల్లు కట్టుకున్న కుటుంబానికి ఆ యుద్ధం పేరు తెలియకపోవచ్చు. దాని ఫలితం మాత్రం తెలుసు.

2018 మార్చి 22న ఢిల్లీ నుంచి బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానం సౌదీ గగనతలం మీదుగా టెల్ అవీవ్ చేరింది. ఇజ్రాయెల్ వెళ్లే వాణిజ్య విమానాన్ని సౌదీ తన ఆకాశంలోంచి పోనివ్వడం అదే మొదటిసారి. 2023 సెప్టెంబరులో ఢిల్లీ జీ-20 సమావేశంలో ప్రకటించిన భారత్-పశ్చిమాసియా-యూరప్ ఆర్థిక నడవా కూడా సౌదీ నేల మీదుగా ఇజ్రాయెల్ రేవులకు చేరాల్సిందే. రియాద్‌కూ జెరూసలేంకూ మధ్య ఏముందో అర్థం చేసుకోవలసిన అవసరం మనకు ఉంది.

పండితుల కన్నా ముందు ప్రతినిధులు

సౌదీ పక్షాన పాలస్తీనా గురించి మొదట మాట్లాడినవాళ్లు పండితులు కారు. 1945 ఫిబ్రవరి 14న సూయజ్ కాలువ దారిలోని గ్రేట్ బిట్టర్ సరస్సులో, క్విన్సీ అనే యుద్ధనౌక మీద రాజు అబ్దుల్ అజీజ్ అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను కలిశారు. యూరప్‌లో యూదులు అనుభవించిన ఘోరానికి పరిహారం ఆ ఘోరం చేసినవాళ్ల నుంచి రావాలిగానీ పాలస్తీనా అరబ్బుల నుంచి కాదని రాజు వాదించారు. ఆ సంభాషణను అనువదించిన విలియం ఎడ్డీ 1954లో దాన్ని చిన్న పుస్తకంగా రాశారు. అరబ్బులకు హాని కలిగే పనేదీ చేయనని రూజ్‌వెల్ట్ ఏప్రిల్ 5న ఉత్తరం రాశారు. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 12న, చనిపోయారు. 1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి 33-13 ఓట్లతో పాలస్తీనా విభజనను ఆమోదించింది. ఆరోజు వ్యతిరేకంగా చెయ్యెత్తిన దేశాల్లో సౌదీ అరేబియా ఉంది, కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన భారతదేశమూ ఉంది.

సౌదీ ప్రతినిధి బృందానికి నాయకుడు అప్పటి విదేశాంగ మంత్రి, తర్వాతి రాజు ఫైసల్. అమెరికా తమ మాట వినిపించుకోలేదన్న బాధ ఆయన్ను చివరిదాకా వదల్లేదు. 1967లో, 1973లో ఆయన తీసుకున్న నిర్ణయాల్లో ఆ జ్ఞాపకం కనిపిస్తుంది.

ఆ తరంలో సౌదీకి తన సొంత నిపుణులు లేరు. ఐక్యరాజ్యసమితిలో దశాబ్దాలపాటు సౌదీ గొంతుగా నిలిచిన జమీల్ బరూదీ లెబనాన్ క్రైస్తవుడు. 1957 నుంచి అయిదేళ్లు అక్కడ సౌదీ రాయబారిగా ఉన్న అహ్మద్ షుకైరీ పాలస్తీనీయుడు. 1964లో పాలస్తీనా విమోచన సంస్థకు తొలి అధ్యక్షుడయ్యారు. అంటే పాలస్తీనా మీద సౌదీ చెప్పిన మాటను రాసినవాళ్లూ చదివినవాళ్లూ తరచూ బయటివాళ్లే. దేశంలో విశ్వవిద్యాలయ చదువు అప్పుడే మొదలవుతోంది. ఈనాడు కింగ్ సౌద్ యూనివర్సిటీ అంటున్న రియాద్ విశ్వవిద్యాలయం పుట్టింది 1957లో. చదివేవాళ్లు పెరిగేదాకా విధానం రాజకుటుంబం జ్ఞాపకంలోనూ, అద్దెకు తెచ్చుకున్న ప్రతిభలోనూ బతికింది.

కాగితాలు ఎక్కడున్నాయి?

ఈ రంగంలోకి వచ్చే ఏ విద్యార్థికైనా మొదటి అడ్డంకి ఆధారాలే. సౌదీ విదేశాంగ శాఖ పత్రాలు పరిశోధకులకు మామూలుగా అందుబాటులో ఉండవు. 1972లో రియాద్‌లో ఏర్పాటైన కింగ్ అబ్దుల్ అజీజ్ ఫౌండేషన్, దారా అని అందరూ పిలిచే సంస్థ, దేశ చరిత్ర పత్రాలను పెద్దఎత్తున సేకరించింది. అయినా ఇటీవలి దౌత్య నిర్ణయాల వెనక చర్చలు అందులో దొరకవు. అందుకే పరిశోధకుడు లండన్ శివారులోని బ్రిటిష్ జాతీయ పత్రాలయానికో, అమెరికా విదేశాంగ శాఖ ప్రచురించిన సంపుటాలకో, జెరూసలేంలోని ఇజ్రాయెల్ ప్రభుత్వ పత్రాలయానికో వెళ్లాలి. సౌదీ పాస్‌పోర్టుతో ఈ మూడోచోటికి వెళ్లడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

దీని ఫలితం చాలా లోతైనది. సౌదీ నాయకుడు ఏమన్నాడన్నది అమెరికన్ దౌత్యవేత్త రాసుకున్న టెలిగ్రాం ద్వారా, ఏమనుకున్నాడన్నది ఇజ్రాయెల్ గూఢచారి అంచనా ద్వారా చరిత్రలోకి వస్తాయి. 1962లో మొదలైన యెమెన్ అంతర్యుద్ధమే దీనికి మంచి ఉదాహరణ. అక్కడ ఈజిప్టు సైన్యం రిపబ్లికన్లకు, సౌదీ అరేబియా రాజు పక్షానికి అండగా నిలిచాయి. 1964-66 మధ్య ఇజ్రాయెల్ విమానాలు రాత్రిపూట రాజు పక్షం వాళ్లకు ఆయుధాలు జారవిడిచాయి. సౌదీకీ ఇజ్రాయెల్‌కూ ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ శత్రువే. ఆ విమానాల సంగతి సౌదీ నాయకత్వానికి ఎంత తెలుసు, ఏమేరకు సమ్మతించింది అన్నదాని మీద నేటికీ వాదన నడుస్తోంది. ఇజ్రాయెల్ వైపు, రాజు పక్షాన పనిచేసిన బ్రిటిష్ కిరాయి సైనికుల వైపు కాగితాలు ఉన్నాయి. సౌదీ వైపు కాగితాలు తెరవనిదే ఆ వాదన తెగదు.

పొరుగు అరబ్ నగరాలతో పోలిస్తే లోటు ఇంకా స్పష్టమవుతుంది. బేరూత్‌లో పాలస్తీనా అధ్యయన సంస్థ 1963లోనే పుట్టింది. 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ చేతిలో ఓటమి తర్వాత, 1968లో, కైరోలోని అల్ అహ్రామ్ పత్రిక ఇజ్రాయెల్ సమాజాన్నీ రాజకీయాన్నీ చదవడానికే ఒక కేంద్రం పెట్టింది. శత్రువును తెలుసుకోకపోవడమే ఓటమికి ఒక కారణమని ఈజిప్టు మేధావులు గుర్తించారు. ఇజ్రాయెల్ వైపు చూస్తే టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలోని మోషే దయాన్ కేంద్రంలో సౌదీ చరిత్రనే వృత్తిగా చేసుకున్న జోసెఫ్ కోస్టినర్ వంటివాళ్లు తయారయ్యారు. సౌదీలో 1983లో కింగ్ ఫైసల్ పరిశోధన కేంద్రం వచ్చింది. 2000లో అబ్దుల్ అజీజ్ సగర్ దుబాయ్‌లో గల్ఫ్ రీసెర్చ్ సెంటర్ స్థాపించారు. అదిప్పుడు జెద్దా నుంచి పనిచేస్తోంది, కేంబ్రిడ్జిలో ఏటా గల్ఫ్ పరిశోధకుల సమావేశం నడుపుతోంది. ఇరాన్‌ను చదవడానికి ప్రత్యేకంగా రసానా అనే సంస్థ 2016లో రియాద్‌లో మొదలైంది. ఇజ్రాయెల్ అధ్యయనానికి అంతటి పేరున్న సంస్థ సౌదీలో కనిపించదు. ముప్పు అనుకున్నదాన్ని చదవడానికి ఖర్చుపెట్టిన దేశం, చేయి కలపాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్నదాన్ని చదవడానికి పెట్టలేదు.

నాలుగు బాటలు

సంస్థలు లేనిచోట మనుషులే సంస్థలవుతారు. సౌదీలో ఈ విషయం మీద మాట్లాడి, రాసి పేరు తెచ్చుకున్నవాళ్ల జీవితాలు చూస్తే నాలుగు రకాల బాటలు కనిపిస్తాయి.

మొదటిది కవి-పండితుడు-రాయబారి బాట. ఘాజీ అల్ ఖుసైబీ 1970లో లండన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకున్నారు. ఆయన పరిశోధన కూడా యెమెన్ సంక్షోభం మీదే. రియాద్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పారు, మంత్రిగా చేశారు, 1992 నుంచి పదేళ్లు లండన్‌లో సౌదీ రాయబారిగా ఉన్నారు. అరబ్బు ప్రపంచంలో ఆయన కవిగా, నవలాకారుడిగా కూడా పెద్ద పేరు. 2002 ఏప్రిల్‌లో, జెరూసలేంలో ఆత్మాహుతి దాడికి దిగిన పాలస్తీనా యువతిని కీర్తిస్తూ ఆయన రాసిన కవిత అల్ హయాత్ పత్రికలో వచ్చింది. బ్రిటన్‌లో పెద్ద దుమారం లేచింది. ఆ ఏడాదే ఆయన నీటి వ్యవహారాల మంత్రిగా స్వదేశానికి వెళ్లిపోయారు. అమాయకుల ప్రాణాలు తీసిన చర్యను కీర్తించడం తప్పేనని నేను నమ్ముతాను. కానీ ఆ తేదీని పక్కనే ఉన్న మరో తేదీతో కలిపి చూడాలి. దానికి కొద్ది వారాల ముందే, మార్చి 28న, ఆయన ప్రభుత్వమే, 1967 నాటి సరిహద్దులకు వెనక్కి పోతే ఇజ్రాయెల్‌తో మామూలు సంబంధాలు పెట్టుకుంటామనే అరబ్ శాంతి ప్రతిపాదనను బేరూత్‌లో అరబ్ దేశాలన్నిటిచేతా ఒప్పించింది. ఒకే దేశం, ఒకే వసంతం: ప్రభుత్వం శాంతి షరతులు రాస్తోంది, దాని రాయబారి వీరగీతం రాస్తున్నారు. ఈ రెండూ సౌదీలో పక్కపక్కనే బతుకుతాయని గుర్తించని విశ్లేషణ ఏదీ నిలబడదు.

రెండోది రాకుమారుడి బాట. రాజు ఫైసల్ కొడుకు తుర్కీ అల్ ఫైసల్ ఇరవై ఏళ్లకు పైగా గూఢచారి శాఖకు అధిపతి. 2001లో ఆ పదవి వదిలి, తర్వాత లండన్‌లో, వాషింగ్టన్‌లో రాయబారిగా చేశారు. అధికారిక పదవులు లేని కాలంలో తండ్రి పేరున్న పరిశోధన కేంద్రానికి అధ్యక్షుడిగా ఉంటూ, ప్రభుత్వం బహిరంగంగా అనలేని మాటలు అనే వెసులుబాటు సంపాదించారు. 2014లో బ్రస్సెల్స్‌లో ఇజ్రాయెల్ సైనిక గూఢచారి శాఖ మాజీ అధిపతి ఆమోస్ యాద్లిన్‌తో వేదిక పంచుకున్నారు. అదే ఏడాది ఇజ్రాయెల్ దినపత్రిక హారెట్జ్‌లో వ్యాసం రాశారు. 2016లో వాషింగ్టన్‌లో ఇజ్రాయెల్ మాజీ భద్రతా సలహాదారు యాకోవ్ అమిద్రోర్‌తో చర్చించారు. వీటిని చూసి సౌదీ మెత్తబడుతోందని చాలామంది రాశారు. 2020 డిసెంబరులో మనామా సదస్సులో ఆయనే ఇజ్రాయెల్‌ను వలసరాజ్య శక్తిగా తీవ్రంగా దుయ్యబట్టారు. 2023 అక్టోబరులో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో హమాస్ పౌరులపై చేసిన దాడినీ, గాజా మీద ఇజ్రాయెల్ బాంబు దాడులనూ కలిపి ఖండించారు. ఆయన మాట మార్చారని నేననుకోను. 2014లో చెప్పినదీ 2020లో చెప్పినదీ ఒకటే: అరబ్ శాంతి ప్రతిపాదన ఒప్పుకోండి, మిగిలింది తర్వాత చూద్దాం. వినేవాళ్లు తమకు కావలసిన సగమే విన్నారు.

మూడోది విశ్రాంత సైనికాధికారి బాట. మేజర్ జనరల్ అన్వర్ ఎష్కీ జెద్దాలో వ్యూహాత్మక అధ్యయనాల కేంద్రం నడిపారు. 2015 జూన్‌లో వాషింగ్టన్‌లో ఇజ్రాయెల్ దౌత్యవేత్త డోరీ గోల్డ్‌తో ఒకే వేదిక మీద కనిపించారు. 2016 జులైలో జెరూసలేం వెళ్లి అక్కడి అధికారులనూ ఎంపీలనూ కలిశారు. సౌదీ ప్రభుత్వం ఆ పర్యటనతో తనకు సంబంధం లేదని చెప్పుకుంది. ఆయన వాణిజ్యం, ఇరాన్, ప్రాంతీయ భద్రత అన్నీ మాట్లాడారు, అరబ్ శాంతి ప్రతిపాదననూ వదల్లేదు. ఆయన ప్రయాణం వల్ల లోకానికి తెలిసింది ఒక్కటే: ప్రభుత్వం తలుపు కొద్దిగా తీసి గాలి ఎటు వీస్తోందో చూడాలనుకున్నప్పుడు పదవిలో లేనివాణ్ని ముందు నిలబడనిస్తుంది. అలాంటి మాట పండితుడి మాటా, ప్రభుత్వ సంకేతమా? వినేవాడికి తేల్చుకునే దారి లేదు.

నాలుగోదే అసలైన విద్యా బాట. అబ్దుల్ అజీజ్ అల్‌ఘషియాన్ బ్రిటన్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో, ఇజ్రాయెల్ పట్ల సౌదీ విదేశాంగ విధానం మీదే డాక్టరేట్ చేశారు. రాజకుటుంబం అండ, గూఢచారి శాఖ అనుభవం, సైనిక హోదా ఇవేవీ మూలధనంగా లేకుండా, ఆధారాలు పట్టుకుని వాదన కట్టడమే ఆయన పని. గల్ఫ్ వ్యవహారాల సంస్థల్లో పరిశోధకుడిగా, వ్యాసకర్తగా ఆయన పదేపదే చెప్పే సారం ఇది: సౌదీ ఇజ్రాయెల్ విధానాన్ని నిర్ణయించేది మారని ద్వేషమూ కాదు, దాచిపెట్టిన ప్రేమా కాదు, ఆయా కాలాల్లో పాలకవర్గం తన చుట్టూ ఉన్న దేశీయ, ప్రాంతీయ పరిస్థితిని ఎలా చదువుకుందన్నదే. ఈ వాదన చిన్నదిగా కనిపించవచ్చు. దీని బరువు తెలియాలంటే మిగతా వివరణలను పక్కన పెట్టి చూడాలి.

ఏ వివరణ ఎంతవరకు?

మొదటి వివరణ మతం. మక్కా, మదీనాల సంరక్షకుడనే బిరుదును రాజు ఫహద్ 1986లో అధికారికంగా తీసుకున్నారు. మూడో పవిత్ర స్థలం అల్ అక్సా ఇజ్రాయెల్ ఆధీనంలో ఉండగా ఆ దేశాన్ని ఎలా గుర్తిస్తారు? 1969 ఆగస్టులో అల్ అక్సాలో నిప్పు పెట్టిన ఘటన తర్వాత రబాత్‌లో ముస్లిం దేశాల సమావేశం జరగడానికి ఫైసల్ చొరవే ప్రధానం. జెద్దా కేంద్రంగా ఇస్లామిక్ సహకార సంస్థ పుట్టింది ఆ వరుసలోనే. కానీ మతమే అంతా అయితే 1981 ఆగస్టులో యువరాజు ఫహద్ ఎనిమిది సూత్రాల శాంతి పథకం ఎలా ప్రకటించారు? ఈ ప్రాంతంలోని దేశాలన్నీ శాంతితో బతికే హక్కును అందులో ఏడో సూత్రం ఒప్పుకుంది. ఇజ్రాయెల్ పేరు చెప్పకుండానే దాని ఉనికిని ఒప్పుకోవడమది. ఆ నవంబరులో ఫెజ్ అరబ్ శిఖరాగ్ర సమావేశం దానిమీదే గంటల్లో విరిగిపోయింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో కొన్ని మార్పులతో అదే ఊళ్లో ఆమోదం పొందింది.

రెండో వివరణ ఇరాన్. ఉమ్మడి శత్రువు ఇద్దరినీ కలుపుతాడన్నది 2010ల్లో బాగా నడిచిన మాట. ఎష్కీ-గోల్డ్ భేటీ, కొన్ని అరబ్ దేశాలు ఇజ్రాయెల్‌ను గుర్తించిన 2020 అబ్రహం ఒప్పందాలు, సౌదీ గగనతలం తెరవడం అన్నీ దీనికింద చేర్చారు. అయితే 2023 మార్చి 10న బీజింగ్‌లో సౌదీ, ఇరాన్ దౌత్య సంబంధాలు పునరుద్ధరించుకున్నాయి. ఇజ్రాయెల్ విషయంలో అమెరికాతో బేరసారాలు వేగం పుంజుకున్నది ఆ తర్వాతి నెలల్లోనే. ఇరాన్ భయం తగ్గినప్పుడు ఇజ్రాయెల్ మీద ఆసక్తి పెరిగిందంటే ఈ వివరణ ఒంటికాలి మీద నిలబడి ఉందన్నమాట.

మూడోది అమెరికా. రియాద్‌కు కావలసింది వాషింగ్టన్ నుంచి రక్షణ హామీ, ఆధునిక ఆయుధాలు, పౌర అణుశక్తి సహకారం. ఇజ్రాయెల్ గుర్తింపు వాటికి చెల్లించే ధర. 2023 చర్చలను ఇది చక్కగా వివరిస్తుంది. 2025 నవంబరు 18న యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్ శ్వేతసౌధానికి వెళ్లినప్పుడు మాత్రం చిక్కు వచ్చింది. ఎఫ్-35 విమానాల విక్రయానికి హామీ, రక్షణ ఒప్పందం, నాటోయేతర ప్రధాన మిత్రదేశ హోదా ఆ పర్యటనలో సౌదీకి దక్కాయి. ఇజ్రాయెల్‌కు గుర్తింపు దక్కలేదు. అబ్రహం ఒప్పందాల్లో చేరాలనుంది, కానీ పాలస్తీనా రాజ్యానికి స్పష్టమైన దారి ఉండాలని యువరాజు అక్కడే చెప్పారు. ధర కట్టకుండానే సరుకు వచ్చాక కూడా షరతు మిగిలిందంటే, ఆ షరతుకు వేరే మూలం ఉంది.

ఆ మూలాన్ని వెతికేది నాలుగో వివరణ, అల్‌ఘషియాన్ వంటివాళ్లది. పాలకవర్గం ఎప్పుడూ రెండు తక్కెళ్లు చూసుకుంటుంది. ఒకటి బయటి ముప్పులది, మరొకటి స్వదేశంలోనూ అరబ్-ముస్లిం లోకంలోనూ తనకున్న గౌరవానిది. 1967 ఖార్టూమ్ అరబ్ శిఖరాగ్ర సమావేశంలో చర్చలు లేవు, గుర్తింపు లేదు, శాంతి లేదు అన్న తీర్మానం మీద సంతకం పెడుతూనే సౌదీ తన శత్రువు నాసర్‌కు డబ్బు సాయం ఒప్పుకుంది. ఆ ఒప్పందంతో యెమెన్ నుంచి ఈజిప్టు సైన్యం వెనుదిరిగింది. 1979లో ఈజిప్టు ఇజ్రాయెల్‌తో ఒప్పందం చేసుకుంటే సౌదీ దానితో సంబంధాలు తెంచుకుంది, 1987లో మళ్లీ కలుపుకుంది. 2002లో, న్యూయార్క్ దాడుల్లో పాల్గొన్న 19 మందిలో 15 మంది సౌదీలేనన్న మచ్చ మధ్య, అప్పటి యువరాజు అబ్దుల్లా అరబ్ శాంతి ప్రతిపాదన ముందుకు తెచ్చారు. ఇజ్రాయెల్ 1967 జూన్ 4 నాటి సరిహద్దులకు వెనక్కి పోవడం, తూర్పు జెరూసలేం రాజధానిగా పాలస్తీనా రాజ్యం, శరణార్థులకు న్యాయమైన పరిష్కారం. బదులుగా అరబ్ దేశాలన్నిటితో మామూలు సంబంధాలు. బేరూత్ ఆమోదానికి ముందురోజే ఇజ్రాయెల్ పట్టణం నెతన్యాలోని హోటల్‌లో బాంబు పేలి 30 మంది చనిపోయారు, మర్నాడే ఇజ్రాయెల్ సైన్యం పశ్చిమ తీరంలోకి దూసుకుపోయింది. ప్రతిపాదన ఆ పొగలో కనబడకుండా పోయింది. అయినా షరతుల పత్రంగా అది ఈనాటికీ చెల్లుబాటులో ఉంది.

నాలుగు వివరణల్లో ఎక్కువ సంఘటనలను కలిపి చెప్పగలిగేది చివరిదే. దానికీ బలహీనత ఉంది. పాలకవర్గం ఏమనుకుందో చెప్పే కాగితాలు మూసివున్నంతకాలం, జరిగినదానికి తర్వాత కారణం అతికించే ప్రమాదం తప్పదు. రెండో బలహీనత ప్రజాభిప్రాయానిది. అమెరికాకు చెందిన వాషింగ్టన్ ఇన్‌స్టిట్యూట్ 2023 నవంబరు-డిసెంబరులో జరిపిన సర్వేలో, గాజా యుద్ధానికి నిరసనగా అరబ్ దేశాలు ఇజ్రాయెల్‌తో అన్ని సంబంధాలూ తెంచుకోవాలన్న మాటతో 96 శాతం సౌదీలు ఏకీభవించారు. మాట్లాడటానికి జంకే సమాజంలో సర్వేను ఎంతవరకు నమ్మాలి? ఆచితూచి. కానీ ఇంత ఏకపక్షమైన అంకెను ఏ పాలకుడూ పక్కన పెట్టలేడు.

పండితుడి మీద పడే నీడ

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. తుర్కీ అల్ ఫైసల్‌కు ఒకప్పుడు మీడియా సలహాదారుగా ఉన్న పాత్రికేయుడు జమాల్ ఖషోగ్గీ, ప్రవాసంలో ఉంటూ తన దేశ విధానాల మీద రాసినందుకు వెలివేతకు గురయ్యారు. 2018 అక్టోబరు 2న ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లో హత్యకు గురయ్యారు. ఆ ఘటన తర్వాత దేశం లోపల ఉన్న ప్రతి విశ్లేషకుడి కలం కిందా ఒక గీత పడింది. అందుకే సౌదీ పండితుల రచనలు చదివేటప్పుడు రాసినదాన్ని ఎంత శ్రద్ధగా చదవాలో రాయనిదాన్నీ అంతే శ్రద్ధగా గమనించాలి. మిగతా దేశాల విద్వాంసులకు లేని ఈ బరువుతో పనిచేస్తూ, ప్రభుత్వ ప్రకటనకు వంతపాడకుండా, పశ్చిమ దేశాల అంచనాలకు సరిపోయే మాట చెప్పకుండా మూడోదారిన నడిచినవాళ్ల ధైర్యాన్ని నేను తక్కువగా చూడలేను.

వాళ్ల చూపు ఎంత సరైనదో గత మూడేళ్లు చూపించాయి. 2023 సెప్టెంబరు 20న యువరాజు అమెరికన్ టీవీలో రోజురోజుకూ దగ్గరవుతున్నామన్నారు. ఆ నెల 26న ఇజ్రాయెల్ పర్యాటక మంత్రి రియాద్‌లో అడుగుపెట్టారు. సరిగ్గా అదే రోజు పాలస్తీనాకు కొత్తగా నియమితుడైన సౌదీ రాయబారి నాయెఫ్ అల్ సుదైరీ రమల్లా చేరారు. ప్రపంచ పత్రికలు మొదటి ప్రయాణాన్నే ఎక్కువగా చూశాయి. రెండోదాన్ని కూడా చూసినవాళ్లకు తర్వాతి మలుపు ఆశ్చర్యం కలిగించలేదు. గాజా యుద్ధం నడుస్తుండగా, 2024 ఫిబ్రవరిలో సౌదీ విదేశాంగ శాఖ, తూర్పు జెరూసలేం రాజధానిగా పాలస్తీనా రాజ్యం గుర్తింపు పొందనిదే ఇజ్రాయెల్‌తో దౌత్య సంబంధాలు ఉండవని ప్రకటించింది. 2025 జులైలో ఫ్రాన్స్‌తో కలిసి న్యూయార్క్‌లో రెండు దేశాల పరిష్కారం మీద సదస్సు నడిపింది. ఆ సదస్సు ప్రకటనను సెప్టెంబరు 12న ఐక్యరాజ్యసమితి సర్వసభ 142-10 ఓట్లతో ఆమోదించింది. భారత్ అనుకూలంగా ఓటేసింది. 2002 పత్రంలోని షరతే 2025 ఓటింగ్‌లో కనిపించింది.

చేయవలసినవి

ఈ సమీక్ష నుంచి నాకు మూడు పనులు తేలుతున్నాయి. సౌదీ అరేబియా 1945 నుంచి కనీసం 1982 దాకా పాలస్తీనా మీద తన విదేశాంగ పత్రాలను పరిశోధకులకు తెరవాలి. వాటిలో సిగ్గుపడాల్సినదాని కన్నా ఆ దేశపు నిలకడను చూపేదే ఎక్కువ ఉంటుందని నా నమ్మకం. రెండోది, రియాద్‌లోనో జెద్దాలోనో ఇజ్రాయెల్ సమాజాన్ని, హీబ్రూ పత్రికలను, అక్కడి ఎన్నికలను చదివే స్వతంత్ర కేంద్రం కావాలి. గుర్తింపు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ జ్ఞానం అవసరమే. 1968లో కైరో గ్రహించిన సంగతిని రియాద్ ఇంకా పూర్తిగా ఆచరణలో పెట్టలేదు.

మూడోది మనది. భారతదేశంలో ఈ చదువు ఎక్కువగా ఢిల్లీలోనే ఉంది. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో పి.ఆర్. కుమారస్వామి భారత్-ఇజ్రాయెల్ సంబంధాల మీద 2010లో ప్రచురించిన గ్రంథం నేటికీ ప్రామాణికం. రెండుసార్లు సౌదీలో మన రాయబారిగా చేసిన తల్మీజ్ అహ్మద్ గల్ఫ్ రాజకీయాల మీద విస్తారంగా రాస్తున్నారు. హైదరాబాద్‌లో మూడు విశ్వవిద్యాలయాలు, ఉస్మానియా, ఇఫ్లూ, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం, అరబ్బీ నేర్పుతున్నాయి. ఆ అరబ్బీ సాహిత్యానికీ, అనువాద ఉద్యోగాలకూ మాత్రమే పరిమితం కానక్కర్లేదు. రియాద్ పత్రికలు చదివే భాష, గల్ఫ్ వలస కుటుంబాల అనుభవం, పాతబస్తీకి అరబ్ దేశాలతో తరాలుగా ఉన్న రాకపోకలు అన్నీ ఈ ఊళ్లోనే ఉన్నాయి. రాజనీతి శాస్త్ర విభాగం, అరబ్బీ విభాగం కలిసి గల్ఫ్ విదేశాంగ విధానం మీద ఒక పరిశోధన కోర్సు మొదలుపెడితే, దానికి హీబ్రూ బోధన తోడైతే, పదేళ్లలో తెలుగునాట ఈ రంగంలో మాట చెల్లే పండితులు తయారవుతారు. పశ్చిమాసియాలో యుద్ధం వచ్చిన ప్రతిసారీ మన ఊళ్లలో ఉపాధి, వంటగ్యాస్ ధర, విమాన టిక్కెట్టు కదిలిపోతున్నాయి. ఆ కదలికకు కారణం చెప్పేవాళ్లను మనమే తయారుచేసుకోవాలి.